డాప్లర్ అల్ట్రాసౌండ్

డాప్లర్ అల్ట్రాసౌండ్ అనగా శరీరంలోనికి అతిధ్వనులను పంపి, ప్రవహిస్తున్న రక్తం నుండి తిరిగి వచ్చే ప్రతిధ్వనుల పౌనఃపున్యంలో కలిగే మార్పును బట్టి రక్తం ఏ దిశలో, ఎంత వేగంతో ప్రవహిస్తున్నదో తెలుసుకొనే వైద్య పరీక్ష. ఆసుపత్రులలోను, సామాన్య వ్యవహారంలోను దీనిని "కలర్ డాప్లర్" లేదా "డాప్లర్ స్కానింగ్" అంటారు. మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్ అవయవం ఆకారాన్ని చూపిస్తుంది. డాప్లర్ పరీక్ష ఆ అవయవంలోని రక్తపు కదలికను చూపిస్తుంది. సూది గుచ్చనవసరం లేదు, ఎక్స్-కిరణాలు ఉండవు. గుండె కవాటాల లోపాలు, కాళ్ళ సిరల వాపు, గర్భస్థ శిశువు పరిస్థితి, కాలేయవ్యాధి మొదలైన వాటిలో దీని ఉపయోగం ఎక్కువ. మూత్రపిండాల వ్యాధి అధికంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో డయాలిసిస్ రోగులకు ఇది ప్రత్యేకంగా అవసరమయ్యే పరీక్ష.

డాప్లర్ ఫలితం

ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టియన్ డాప్లర్ (1803–1853) 1842లో ప్రాగ్ నగరంలో జంట నక్షత్రాల రంగులపై ఒక పత్రాన్ని సమర్పించాడు. తరంగాలను పుట్టించే వస్తువు గాని, వాటిని గ్రహించే పరిశీలకుడు గాని కదులుతున్నపుడు పరిశీలకునికి అందే పౌనఃపున్యం మారుతుందని అందులో ప్రతిపాదించాడు. నక్షత్రాల రంగులకు ఆయన చెప్పిన కారణం సరి కాదని తరువాత తేలింది గాని, మూలసూత్రం మాత్రం నిలిచింది. 1845లో డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలో రైలుబండిపై బాకా ఊదేవారిని నిలబెట్టి, ధ్వని విషయంలో ఈ సూత్రాన్ని నిరూపించాడు.

రైలుతోనే దీనిని సులభంగా గ్రహించవచ్చు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో ఆగకుండా, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఒక బండి కూత వేస్తూ పోతున్నదనుకుందాం. కూత అసలు పౌనఃపున్యం 500 హెర్ట్‌జ్‌లు అయితే, బండి దగ్గరకు వస్తున్నపుడు ప్లాట్‌ఫారం మీది మనిషికి అది సుమారు 544 హెర్ట్‌జ్‌లుగాను, దాటిపోయిన తరువాత సుమారు 462 హెర్ట్‌జ్‌లుగాను వినిపిస్తుంది. కళ్ళు మూసుకొని ఉన్నవాడు సైతం బండి వస్తున్నదో పోతున్నదో స్వరాన్ని బట్టి చెప్పగలడు. రక్తప్రవాహ దిశను గుర్తించడంలో ఉన్న కీలకం ఇదే.

పనిచేసే విధానం

చర్మంపై జెల్లీ రాసి ఆనించే పరికరాన్ని ప్రోబ్ అంటారు. దానిలోని పీడన విద్యుత్ స్ఫటికాలు 2 నుండి 15 మెగాహెర్ట్‌జ్‌ల వరకు పౌనఃపున్యం గల అతిధ్వనులను పంపుతాయి. లోతుగా ఉన్న అవయవాలకు తక్కువ పౌనఃపున్యాన్ని, చర్మం కిందనే ఉండే రక్తనాళాలకు ఎక్కువ పౌనఃపున్యాన్ని వాడతారు. ప్రోబ్‌కు, చర్మానికి మధ్య గాలి పొర ఉంటే ధ్వని లోపలికి పోదు గనుక జెల్లీ తప్పనిసరి. శరీర కణజాలంలో ధ్వని వేగం సగటున సెకనుకు 1540 మీటర్లు.

ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7 మైక్రోమీటర్లు. 5 మెగాహెర్ట్‌జ్‌ల అతిధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే కణం కంటే నలభై రెట్లకు పైగా పెద్దది. అందుచేత రక్తకణం అద్దం వలె ధ్వనిని పరావర్తనం చెందించదు. కొద్ది ధ్వనిని అన్ని వైపులకు వెదజల్లుతుంది. అందులో ప్రోబ్ వైపు వచ్చే స్వల్పభాగమే యంత్రానికి ఆధారం. రక్తకణం కదులుతూ ధ్వనిని గ్రహించడం వలన ఒకసారి, కదులుతూనే దానిని తిరిగి పంపడం వలన మరొకసారి, ఈ విధంగా మార్పు రెండుసార్లు కలుగుతుంది. సూత్రంలో 2 అనే సంఖ్య రావడానికి కారణం ఇదే:

పౌనఃపున్యంలో మార్పు = 2 × పంపిన పౌనఃపున్యం × రక్తవేగం × కోణపు కొసైన్ ÷ ధ్వనివేగం

ఇక్కడ కోణం అనగా ధ్వనికిరణానికి, రక్తప్రవాహానికి మధ్య గల కోణం. 5 మెగాహెర్ట్‌జ్‌ల ధ్వనిని 60 డిగ్రీల కోణంలో పంపినపుడు, సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో ప్రవహించే రక్తం కలిగించే మార్పు సుమారు 1,620 హెర్ట్‌జ్‌లు. ఇది మనిషి చెవికి వినిపించే పరిధిలోనే ఉన్నది. డాప్లర్ గదిలో వినవచ్చే "హుష్, హుష్" అనే చప్పుడు రక్తం స్వయంగా చేసే శబ్దం కాదు. ఈ పౌనఃపున్య భేదాన్నే యంత్రం స్పీకరు ద్వారా వినిపిస్తుంది.

కోణం 90 డిగ్రీలైతే కొసైన్ విలువ సున్న అవుతుంది. రక్తం ఎంత వేగంగా ప్రవహిస్తున్నా యంత్రానికి కదలిక కనబడదు. కోణం పెరిగిన కొద్దీ లెక్కలో దోషం కూడా పెరుగుతుంది. కోణాన్ని 5 డిగ్రీలు తక్కువగా అంచనా వేస్తే 30 డిగ్రీల వద్ద వేగంలో దోషం సుమారు 5 శాతం, 60 డిగ్రీల వద్ద సుమారు 15 శాతం, 80 డిగ్రీల వద్ద 50 శాతం. వేగం కొలిచేటపుడు కోణం 60 డిగ్రీలు దాటకూడదనే నియమం ఇందువలన ఏర్పడింది.

దిశను గుర్తించుట

పౌనఃపున్యం పెరిగితే రక్తం ప్రోబ్ వైపు వస్తున్నట్లు, తగ్గితే దూరంగా పోతున్నట్లు. చెప్పడానికి ఇది తేలికే గాని యంత్రానికి తేలిక కాలేదు. తొలినాటి పరికరాలు పంపిన ధ్వనిని, తిరిగివచ్చిన ధ్వనిని కలిపి రెండింటి భేదాన్ని మాత్రమే తీసేవి. 50,01,000కు 50,00,000కు భేదం వెయ్యి, 49,99,000కు 50,00,000కు భేదం కూడా వెయ్యే. కనుక వేగం తెలిసేది, దిశ తెలిసేది కాదు.

ఏటి ఒడ్డున నిలబడి నీటిలో పాతిన ఒక కర్రను మాత్రమే చూస్తూ అలలను లెక్కించే మనిషి పరిస్థితి కూడా ఇంతే. అలలు నిమిషానికి ఎన్నో చెప్పగలడు గాని, అవి కుడి నుండి వస్తున్నాయో ఎడమ నుండి వస్తున్నాయో ఆ కర్ర పైకి కిందికి మారే నీటిమట్టం చెప్పదు. అల పొడవులో నాలుగో వంతు దూరంలో రెండవ కర్రను పాతితే ఏ కర్ర వద్ద నీరు ముందుగా లేచిందో చూసి దిశను చెప్పవచ్చు. డాప్లర్ యంత్రం చేసేదీ ఇదే. తిరిగివచ్చిన సంకేతాన్ని ఒకదానికొకటి 90 డిగ్రీల దశాభేదం గల రెండు ఆధార సంకేతాలతో వేర్వేరుగా కలుపుతుంది. ఫలితంగా వచ్చే రెండు సంకేతాలలో ఏది ముందు, ఏది వెనుక అనే దానిని బట్టి రక్తం వస్తున్నదో పోతున్నదో నిర్ణయిస్తుంది.

చరిత్ర

అతిధ్వనులతో డాప్లర్ ఫలితాన్ని వైద్యంలో మొదట ఉపయోగించినవాడు జపాన్‌లోని ఒసాకాకు చెందిన షిగెయో సతోమురా. 1957లో ఆయన గుండె కదలికలను పరిశీలించే పద్ధతిని ప్రకటించాడు. 1961లో అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రాంక్లిన్, ష్లెగెల్, రష్మర్ అనేవారు రక్తం వెదజల్లిన ధ్వని నుండి ప్రవాహవేగాన్ని కొలిచారు. దిశను చెప్పగల పరికరాన్ని 1967లో మెక్‌లియోడ్ వివరించాడు. నిరంతరం ధ్వనిని పంపే ఈ యంత్రాలు ఏ లోతు నుండి ప్రతిధ్వని వచ్చిందో చెప్పలేవు. ధ్వనిని చిన్నచిన్న తునకలుగా పంపి, కావలసిన లోతు నుండి వచ్చే జవాబును మాత్రమే వినే పల్స్‌డ్ డాప్లర్ 1970 ప్రాంతంలో వచ్చింది. ఇంగ్లండులో వెల్స్, ఫ్రాన్సులో పెరొన్నో, సియాటిల్‌లో బేకర్ దాదాపు ఒకే కాలంలో ఈ పని చేశారు. 1980 దశకం తొలి సంవత్సరాలలో జపాన్ పరిశోధకులు నమెకవా, కసాయి తదితరులు వరుసగా వచ్చే ప్రతిధ్వనుల దశలను పోల్చి, ప్రవాహాన్ని అప్పటికప్పుడే రంగులలో చూపే విధానాన్ని రూపొందించారు. నేటి కలర్ డాప్లర్ దాని సంతతియే.

రంగుల అర్థం

కలర్ డాప్లర్ చిత్రంలో సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఎరుపుగాను, ప్రోబ్ నుండి దూరంగా పోయే రక్తం నీలంగాను కనిపిస్తుంది. ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడతారు. పాఠశాల జీవశాస్త్ర పుస్తకాలలో ధమనులను ఎరుపుతోను, సిరలను నీలంతోను చిత్రించడం ఆనవాయితీ. ఆ అలవాటుతో డాప్లర్ చిత్రంలో ఎర్రనివి ధమనులని, నీలివి సిరలని అనుకోవడం తప్పు. ఒకే ధమని వంపు తిరిగితే సగం ఎర్రగా, సగం నీలంగా కనబడుతుంది. వంపు మధ్యలో ప్రవాహం కిరణానికి లంబంగా ఉన్న చోట నల్లగా కూడా కనబడవచ్చు. ప్రోబ్‌ను అటూ ఇటూ తిప్పి పట్టుకున్నా, ధ్వనికిరణాన్ని ఎడమకు బదులు కుడికి వాల్చినా, యంత్రంపై రంగులు తారుమారు చేసే మీట నొక్కినా ఎరుపు నీలమవుతుంది. అందుకే తెర పక్కన ఉండే రంగుల పట్టీని చూడకుండా దిశను నిర్ణయించరాదు. పట్టీలో పై సగం రంగు ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహానిది.

ప్రవాహవేగాన్ని కాలంతో పాటు గీతగా చూపే పద్ధతిని స్పెక్ట్రల్ డాప్లర్ అంటారు. ఇందులో ప్రోబ్ వైపు వచ్చే ప్రవాహం ఆధారరేఖకు పైన, దూరంగా పోయేది కింద గీయబడుతుంది. పవర్ డాప్లర్ అనే మరొక పద్ధతి మందకొడి ప్రవాహాన్ని కూడా పట్టగలదు గాని, సాధారణ రూపంలో అది దిశను చూపదు.

తప్పుదిశ కనబడుట

సినిమాలో పరుగెత్తే రథపు చక్రాలు ఒక్కొక్కప్పుడు వెనుకకు తిరుగుతున్నట్లు కనిపిస్తాయి. ఒక ఆకు స్థానంలోకి తరువాతి ఆకు వచ్చే వేగానికి కెమెరా తీసే బొమ్మల సంఖ్య చాలకపోవడమే కారణం. పల్స్‌డ్ డాప్లర్‌లోనూ ఇదే జరుగుతుంది. సెకనుకు పంపే ధ్వని తునకల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్య భేదాన్ని యంత్రం సరిగా గుర్తించలేదు. మించిన భాగాన్ని వ్యతిరేక దిశలో చూపుతుంది. ఎర్రని ప్రవాహం నడుమ హఠాత్తుగా నీలం కనబడుతుంది. సెకనుకు 4,000 తునకలు పంపుతూ, 5 మెగాహెర్ట్‌జ్‌లతో 60 డిగ్రీల కోణంలో చూస్తే సరిగా కొలవగల గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 62 సెంటీమీటర్లు మాత్రమే. ఆరోగ్యవంతుని మెడలోని కెరోటిడ్ ధమనిలో సైతం వేగం దీనిని మించవచ్చు.

తునకల సంఖ్యను ఇష్టం వచ్చినంత పెంచడానికి వీలు లేదు. 15 సెంటీమీటర్ల లోతుకు పోయి రావడానికి ధ్వనికి సెకనులో పదివేల వంతులు రెండు పడుతుంది. ఒక జవాబు రాకముందే మరొక ప్రశ్న వేస్తే ఏ జవాబు దేనిదో తెలియదు. కనుక ఆ లోతులో సెకనుకు సుమారు 5,000 తునకలే పరిమితి. నిజమైన తిరుగు ప్రవాహానికి, ఈ భ్రమకు తేడా గుర్తించే ఉపాయం ఒకటి ఉన్నది. నిజంగా దిశ మారిన చోట రెండు రంగుల మధ్య సన్నని నల్లని గీత ఉంటుంది, ఎందుకంటే వేగం సున్న మీదుగా పోవాలి. భ్రమలో లేత ఎరుపు నుండి నేరుగా లేత నీలానికి మారుతుంది, నల్లని గీత ఉండదు.

మరొక పొరపాటు ఇందుకు విరుద్ధమైనది. రక్తనాళపు గోడ నుండి వచ్చే ప్రతిధ్వని రక్తం నుండి వచ్చేదాని కంటే ఎన్నో రెట్లు బలమైనది. దానిని తీసివేయడానికి యంత్రంలో ఒక వడపోత ఉంటుంది. ఆ వడపోత ఎక్కువైతే మెల్లగా కదిలే రక్తం కూడా మాయమై, బాగున్న సిరలో గడ్డ ఉన్నదని పొరబడే ప్రమాదం ఉన్నది.

దిశయే రోగనిర్ణయం అయ్యే సందర్భాలు

పలు వ్యాధులలో రక్తవేగం కంటే రక్తం ఎటు పోతున్నదనేదే ముఖ్యం. కాళ్ళ సిరలలో రక్తం పైకి, గుండె వైపు పోవాలి. సిరల కవాటాలు చెడితే కిందికి జారుతుంది. రోగిని నిలబెట్టి పిక్కను నొక్కి వదలిపెట్టి చూస్తారు. వదిలాక చర్మం దగ్గరి సిరలలో అర సెకనుకు మించి రక్తం కిందికి ప్రవహిస్తే కవాటలోపంగా పరిగణిస్తారు. పేగుల నుండి కాలేయానికి రక్తాన్ని తెచ్చే నిర్వాహక సిరలో, కాలేయం గట్టిపడిన రోగులలో ఒత్తిడి పెరిగి, ప్రవాహం మందగించి, చివరకు కాలేయం నుండి వెనుకకు మళ్ళవచ్చు. భుజానికి పోయే ధమని మొదట్లోనే పూడుకుంటే, మెదడుకు పోవలసిన వెన్నుపూస ధమనిలోని రక్తం వెనుకకు తిరిగి చేతికి పోతుంది. అటువంటి రోగికి ఆ చేతితో పని చేసినపుడు తల తిరుగుతుంది.

గుండె పరీక్షలో రొమ్ము కింద ఎడమవైపు నుండి చూసినపుడు, ఎడమ కర్ణిక నుండి జఠరికలోనికి వచ్చే రక్తం ఎర్రగా ఉంటుంది. కీళ్ళవాత జ్వరం వలన ద్విపత్ర కవాటం చెడి సరిగా మూసుకోకపోతే, జఠరిక ముడుచుకున్నపుడు రక్తం కర్ణికలోనికి వెనుకకు చిమ్ముతుంది. ఆ ధార నీలంగా, వేగం ఎక్కువైన చోట పలురంగుల కలగాపులగంగా కనిపిస్తుంది. ధార వేగాన్ని సెకనుకు మీటర్లలో కొలిచి, దాని వర్గాన్ని నాలుగుతో గుణిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి భేదం పాదరస మిల్లీమీటర్లలో వస్తుంది. వేగం 3 మీటర్లైతే భేదం 36 మిల్లీమీటర్లు. పూర్వం గుండెలోనికి గొట్టం పంపి తెలుసుకోవలసి వచ్చిన దానిని చాలావరకు ఈ చిన్న లెక్క తీర్చింది.

గర్భస్థ శిశువు బొడ్డుతాటి ధమనిలో రక్తం శిశువు నుండి మాయ వైపు పోతుంది. శిశువు గుండె వ్యాకోచించే సమయంలో కూడా ఈ ప్రవాహం ముందుకు సాగుతూనే ఉండాలి. మాయ సరిగా పనిచేయనపుడు మొదట అది తగ్గి, తరువాత ఆగి, చివరకు ఆ క్షణంలో రక్తం శిశువు వైపు వెనుకకు మళ్ళుతుంది. ఇది చాలా అపాయకరమైన సూచన. గర్భానికి 30 వారాలు దాటిన తరువాత ఇది కనబడితే, సాధారణంగా 32 వారాలలోపే ప్రసవం జరిపించే విషయాన్ని వైద్యులు ఆలోచిస్తారు. నెలలు నిండని బిడ్డను కాపాడగల సదుపాయం ఉన్న ఆసుపత్రికి తల్లిని సకాలంలో చేర్చడం ఈ ఒక్క గీతపై ఆధారపడి ఉంటుంది.

ఉద్దానంలో ఉపయోగం

శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన కొబ్బరి, జీడిమామిడి తోటల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఇక్కడ మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారిలో కూడా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అధికంగా కనబడుతున్నది. కారణం నిర్ధారణ కాలేదు. డాప్లర్ పరీక్ష కూడా ఆ కారణాన్ని చెప్పలేదు. మూత్రపిండంలోని చిన్న ధమనులలో గరిష్ఠ, కనిష్ఠ వేగాల భేదాన్ని గరిష్ఠ వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యను నిరోధ సూచిక అంటారు. పెద్దవారిలో ఇది 0.7 లోపు ఉండాలి. వ్యాధి ముదిరినపుడు పెరగవచ్చు గాని, ఏ వ్యాధి అన్నది దాని వలన తెలియదు. వ్యాధిని మొదట పట్టేది రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. దానిని వదలి స్కానింగ్‌పైనే ఆధారపడడం సరి కాదు.

డాప్లర్ అసలు ప్రయోజనం డయాలిసిస్ దశలో ఉన్నది. డయాలిసిస్ యంత్రానికి నిమిషానికి సుమారు 250 నుండి 300 మిల్లీలీటర్ల రక్తం అందాలి. ముంజేతి సిరలో అంత ప్రవాహం ఉండదు. అందుచేత శస్త్రచికిత్సతో ముంజేతి ధమనిని పక్కనున్న సిరకు కలుపుతారు. దీనిని ఫిస్టులా అంటారు. 1966లో అమెరికాలో బ్రెషా, చిమినో బృందం ఈ పద్ధతిని ప్రకటించింది. కలపడానికి ముందు డాప్లర్‌తో చేతి రక్తనాళాలను కొలుస్తారు. ధమని లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు, సిర వ్యాసం 2.5 మిల్లీమీటర్లు ఉంటే ఫిస్టులా నిలిచే అవకాశం ఎక్కువ. పలుమార్లు రక్తం తీయడం వలన, సెలైన్ ఎక్కించడం వలన సిరలు పూడిపోయిన రోగులలో ఈ పరీక్ష చేయకుండా కోత పెడితే శ్రమ వృథా కావచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నదని తెలిసిన నాటి నుండి ఒక చేతిని, సాధారణంగా ఎడమ చేతిని, సూదుల నుండి కాపాడుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

ఆరు వారాల తరువాత మళ్ళీ పరీక్షిస్తారు. సిర వ్యాసం 6 మిల్లీమీటర్లు, చర్మం నుండి లోతు 6 మిల్లీమీటర్ల లోపు, ప్రవాహం నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఉండాలనేది గుర్తుంచుకోవడానికి తేలికైన నియమం. ప్రవాహాన్ని లెక్కించడానికి నాళపు అడ్డుకోత వైశాల్యాన్ని సగటు వేగంతో గుణించాలి. 6 మిల్లీమీటర్ల నాళంలో సగటు వేగం సెకనుకు 40 సెంటీమీటర్లైతే నిమిషానికి సుమారు 680 మిల్లీలీటర్లు వస్తుంది. వ్యాసాన్ని పది శాతం తక్కువగా కొలిస్తే ప్రవాహం 19 శాతం తక్కువగా వస్తుంది. కావున వేగం కంటే వ్యాసాన్ని కొలవడంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. కొత్త ఫిస్టులాలో సిర మెలికలు తిరిగి, ప్రవాహం అల్లకల్లోలంగా ఉంటుంది గనుక చాలామంది నిపుణులు మోచేతి పైనున్న ధమనిలోనే కొలుస్తారు.

ఫిస్టులా వేసిన చేతిలో దిశకు సంబంధించిన విచిత్రం ఒకటి కనబడుతుంది. కలిపిన చోటికి దిగువన, మణికట్టు దగ్గరి ధమనిలో రక్తం వేళ్ళ వైపు పోవడానికి బదులు వేళ్ళ నుండి ఫిస్టులా వైపు వెనుకకు ప్రవహించవచ్చు. రెండవ ముంజేతి ధమని ద్వారా అరచేతిలోనికి వచ్చిన రక్తం, అక్కడి ధమనుల కమాను మీదుగా ఒత్తిడి తక్కువగా ఉన్న సిరలోనికి మళ్ళుతుంది. చాలామందిలో దీని వలన ఏ బాధా ఉండదు, కనుక తెరపై తిరుగు ప్రవాహం కనబడినంత మాత్రాన ఫిస్టులాను మూసివేయనవసరం లేదు. వేళ్ళు చల్లబడి, పాలిపోయి, డయాలిసిస్ సమయంలో నొప్పి వస్తూ ఉంటే మాత్రం చేతికి అందవలసిన రక్తాన్ని ఫిస్టులా లాగివేస్తున్నదని అర్థం. అపుడు ఫిస్టులాను వేలితో నొక్కి ఉంచి చూస్తారు. ధమనిలో ప్రవాహం తిరిగి వేళ్ళ వైపు మళ్ళితే అనుమానం బలపడుతుంది. ఒకచోట వేగం పక్కనున్న భాగం కంటే రెట్టింపుకు మించితే అక్కడ నాళం ఇరుకైనట్లు భావిస్తారు. ఇంటి వద్ద రోగి చేయగలిగినది కూడా ఉన్నది. ప్రతిరోజు ఫిస్టులాపై చేయి వేసి అదురును గమనించాలి. అదురు ఆగిపోతే గడ్డ కట్టినట్లు అనుమానించి వెంటనే డయాలిసిస్ కేంద్రానికి పోవాలి.

ఇచ్ఛాపురం నుండి విశాఖపట్నానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. చాలాకాలం ఉద్దానం రోగులు నిపుణుల వైద్యం కోసం విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి చోట్లకు పోవలసి వచ్చేది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 15న విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.

భద్రత, చట్టం

డాప్లర్ పరీక్ష వలన పెద్దవారికి హాని జరిగినట్లు రుజువు కాలేదు. అయితే పల్స్‌డ్ డాప్లర్ ఒకే చోట ధ్వనిని కేంద్రీకరిస్తుంది గనుక కణజాలం కొద్దిగా వేడెక్కవచ్చు. గర్భం తొలి మూడు నెలలలో అవసరం లేకుండా దీనిని వాడరాదని, వాడినా అతి తక్కువ సేపు వాడాలని నిపుణుల సంఘాలు సూచిస్తాయి.

భారతదేశంలో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చి, 2003లో సవరించబడినది. దీని ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రం ఉన్న ప్రతి కేంద్రం నమోదు చేయించుకోవాలి. గర్భిణికి చేసే ప్రతి పరీక్షకు 'ఎఫ్' ఫారం నింపాలి. శిశువు ఆడా, మగా అని చెప్పడం, అడగడం రెండూ నేరమే.